పాత ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్లు రెండు, ట్రక్కులు రెండు: ఆరుగురి కుటుంబానికి ఏ జత సరిపోతుంది?

#1 · ఫ్రిస్కో_నాన్న · ఫ్రిస్కో, టెక్సాస్

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా కాలంగా చదువుతున్నాను. ఇప్పుడు డబ్బు పెట్టే సమయం వచ్చింది, మీ సలహా కావాలి.

మేము భార్యాభర్తలం, ఇద్దరు పిల్లలు. ఏప్రిల్‌లో అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంటారు. ఈ వేసవిలో వాళ్లకు కొలరాడో, వీలైతే ఎల్లోస్టోన్ చూపించాలని ఉంది. నాన్నకు మధుమేహం, వేళకు ఇంటి భోజనం పడాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఎక్కువసేపు కూర్చోలేదు, బాత్‌రూమ్ దగ్గరలో ఉండాలి. హోటళ్లలో ఇవి కుదరవు. అందుకే వంటగది, పడక, బాత్‌రూమ్ మా వెంటే వచ్చేలా ఫిఫ్త్ వీల్ (ట్రక్కు బెడ్‌లో, అంటే వెనుక సామాను తొట్టిలో, తగిలించి లాగే ఇంటి ట్రెయిలరు) కొందామనుకున్నాం. ట్రక్కుతో కలిపి 75,000 డాలర్లు దాటకూడదు. కాబట్టి రెండూ పాతవే.

ట్రెయిలర్లు రెండు చూశాను. ఒకటి 2016లో తయారైంది. 39 అడుగుల పొడవు, నాలుగు స్లైడ్ అవుట్‌లు (ఆగాక బయటికి జరిపి లోపల చోటు పెంచుకునే గోడ భాగాలు), పిల్లలకు విడి గది. అన్నీ నింపాక ఉండదగ్గ గరిష్ఠ బరువు 15,500 పౌండ్లు. 27,000 అడుగుతున్నారు. రెండోది 2019ది. 34 అడుగులు, మూడు స్లైడ్ అవుట్‌లు, వెనుక బంకు పడకలు. గరిష్ఠ బరువు 11,995 పౌండ్లు. ధర 31,000.

ట్రక్కుల్లో (అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అన్నవి తరగతుల పేర్లే, అసలు మోత కాదు) ఒకటి 2017 ముప్పావు టన్ను డీజిల్, ఆరున్నర అడుగుల బెడ్, 39,000. ఇంకొకటి 2020 ఒక టన్ను ఫోర్డ్, 7.3 లీటర్ల గ్యాస్ (పెట్రోలు) ఇంజిన్, ఎనిమిది అడుగుల బెడ్, 42,000. ఇంట్లో ఇప్పటికే అర టన్ను ట్రక్కు ఉంది. అది 11,000 పౌండ్లకు పైగా లాగుతుందని బ్రోచరులో రాశారు. దానితోనే పని జరుగుతుందా?

#2 · లోన్‌స్టార్_రాజు · ఆస్టిన్

నిక్షేపంగా జరుగుతుంది. మా వీధిలో ఒకాయన అర టన్ను ట్రక్కుతోనే ఫిఫ్త్ వీల్ లాగుతున్నారు. వెనుక స్ప్రింగుల దగ్గర ఎయిర్ బ్యాగులు వేయిస్తే ట్రక్కు కుంగదు. 42,000 మిగిలితే ఆ డబ్బుతో ఎన్ని వేసవులు తిరగవచ్చో ఆలోచించండి.

#3 · కాకినాడ_హ్యూస్టన్ · హ్యూస్టన్

రాజు గారూ, లాగడం వేరు, మోయడం వేరు. బ్రోచరు చెప్పేది లాగే సంగతి. ఫిఫ్త్ వీల్ విషయంలో ముందుగా చేతులెత్తేసేది మోసే శక్తి.

బంపరు దగ్గర తగిలించే మామూలు ట్రెయిలరు తన బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు మీద వేస్తుంది. ఫిఫ్త్ వీల్ ముందున్న కింగ్ పిన్ అనే కడ్డీ ట్రక్కు బెడ్‌లో వెనుక ఇరుసు పైన కూర్చుంటుంది కాబట్టి 20 నుంచి 25 శాతం వేస్తుంది. రోడ్డు మీద అది ఊగకుండా బుద్ధిగా వచ్చేది అందుకే. ఆ సుఖానికి ధర కూడా అదే.

ఫ్రిస్కో గారూ, డ్రైవరు తలుపు తెరిచి పక్క స్తంభం మీద పసుపు రంగు స్టిక్కరు చూడండి. మనుషులు, సరుకు కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద ఉంటుంది. ఆ అంకె ఆ ఒక్క ట్రక్కుకే చెందుతుంది. అదే మోడల్, అదే సంవత్సరం బండి పక్కన నిలబెట్టినా సన్‌రూఫ్, తోలు సీట్లు ఉన్నదానికి తక్కువ ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ ఆరుగురూ కలిసి 880 పౌండ్లు అనుకుందాం. హిచ్ (ట్రెయిలరును ట్రక్కుకు తగిలించే పరికరం) 160. బెడ్‌లో పనిముట్లు, కుర్చీలు, బియ్యం బస్తా లాంటివి 250. రెండో ట్రెయిలరు గరిష్ఠ బరువును 12,000 అనుకుని 22 శాతం తీస్తే పిన్ మీద 2,640. మొత్తం 3,930 పౌండ్లు. మొదటి ట్రెయిలరుకు పిన్ బరువే 3,410, మిగతావి కలిపితే 4,700. అమ్మకందారు చెప్పే ఖాళీ బరువును లెక్కలోకి తీసుకోకండి. నీళ్లు, ప్రొపేన్, బ్యాటరీలు, గిన్నెలు, దుప్పట్లు లేకుండా ఎవరూ ప్రయాణం చేయరు.

ఎయిర్ బ్యాగులు ట్రక్కు వెనుక భాగాన్ని ఎత్తి నిలబెడతాయి, అంతే. ఇరుసు, చక్రాలు, టైర్లు, బ్రేకులు మోయగల బరువు ఒక్క పౌండు కూడా పెరగదు. మూడు ట్రక్కుల స్టిక్కర్లు చూసి ఇక్కడ రాయండి, ఆ తర్వాత ముందుకు వెళదాం.

#4 · ఫ్రిస్కో_నాన్న

చూసి వచ్చాను. మా అర టన్నుది 1,520. డీజిల్‌ది 2,180. గ్యాస్ ఒక టన్నుది 3,960.

మా ట్రక్కులో మేము ఆరుగురం కూర్చుంటే మిగిలేది 640 పౌండ్లు. దాని సంగతి ఇక వదిలేశాను. కానీ డీజిల్ ఇంజిన్ అంత బలమైనది కదా, అంకె ఇంత తక్కువేమిటి?

#5 · కాకినాడ_హ్యూస్టన్

ముప్పావు టన్ను ట్రక్కులు చాలావాటికి మొత్తం అనుమతి బరువు 10,000 పౌండ్ల దగ్గర ఆగుతుంది. ఆ గీత దాటితే కొన్ని రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఖర్చులు, నియమాలు మారతాయి. డీజిల్ ఇంజిన్, దానికి తగిన ట్రాన్స్‌మిషన్, పొగ శుద్ధి పరికరాలు కలిసి గ్యాస్ బండి కంటే వందల పౌండ్లు ఎక్కువ తూగుతాయి. బండి సొంత బరువు పెరిగి పై గీత అక్కడే ఉంటే, మోయడానికి మిగిలేది తగ్గుతుంది. లాగడానికి గుర్రాలున్నాయి, మోయడానికి వీపు లేదు. డీజిల్ మీద మనసు పడినవాళ్లు ఒక టన్నులోనే చూడాలి.

#6 · డీజిల్_ప్రియుడు · టల్సా

అయితే ఒక టన్ను డీజిల్, వెనుక నాలుగు చక్రాల డ్యూయలీ కొనండి. మొదటి ట్రెయిలరునే తీసుకోవచ్చు, పిల్లలకు విడి గది దక్కుతుంది. కొండ దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు చేసే మేలు అనుభవిస్తేనే తెలుస్తుంది. కాలు బ్రేకు మీద పెట్టకుండానే బండి ఒకే వేగంలో దిగుతుంది. కొలరాడో వెళతామంటున్నారు, అక్కడ గ్యాస్ ఇంజిన్ ఆయాసపడుతుంది.

పాత డీజిల్ చూసేటప్పుడు మాత్రం ఏ సంవత్సరపు ఇంజినో కనుక్కోండి. ఫోర్డ్ 6.0 లీటర్ల డీజిల్, అంటే 2003 నుంచి 2007 దాకా వచ్చినది, హెడ్ గాస్కెట్, ఈజీఆర్ కూలరు (పొగను చల్లార్చే భాగం) చెడిపోవడానికి పేరుమోసింది. 2011 నుంచి 2016 దాకా వచ్చిన 6.6 డ్యూరామాక్స్‌లో, ఫోర్డ్ 6.7లో సీపీ4 అనే ఇంధన పంపు ఉంటుంది. అది విరిగితే లోహపు రజను ఇంధన వ్యవస్థ అంతా పాకుతుంది, మరమ్మతు వేల డాలర్లలో ఉంటుంది. 2017 నుంచి డ్యూరామాక్స్‌లో ఆ పంపు మార్చారు.

#7 · కొండదారి · డెన్వర్

నేనుండేది కొండల కిందే కాబట్టి ఒక మాట. టర్బో (గాలిని ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని ఇంజిన్, ఆ 7.3 గ్యాస్ లాంటిది, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. ఐ-70 మీది ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి చేరేసరికి మూడింట ఒక వంతు శక్తి పోయినట్టే. డీజిల్_ప్రియుడు గారు చెప్పింది నిజమే.

కానీ దాని అర్థం ఎక్కలేదని కాదు, నెమ్మదిగా ఎక్కుతుందని. కుడి వరుసలో గంటకు 40 మైళ్లతో, ఇంజిన్ 4,000 తిరుగుళ్ల పైన అరుస్తూ ఎక్కుతుంది. ఆ అరుపుకు భయపడకూడదు, ఆ ఇంజిన్ అలా పనిచేయడానికే తయారైంది. మీరు ఏటా ఒకటి రెండు సార్లు కొండలకు వస్తారు, మిగతా కాలం టెక్సాస్‌లోనే తిరుగుతారు. ఆ కొద్దిపాటి దారి కోసం డీజిల్ పొగ శుద్ధికి పోసే డీఈఎఫ్ ద్రవం, ఖరీదైన ఫిల్టర్లు, ఖరీదైన మరమ్మతులు భరించాలా అన్నది మీరే చూసుకోండి. 11,000 పౌండ్ల ట్రెయిలరుకు 7.3 చాలు. 15,000 అయితే నేను కూడా డీజిలే అంటాను.

ఇంకొకటి. ఎల్లోస్టోన్ లోపల నీరు, కరెంటు, మురుగు కనెక్షన్లు ఉన్న క్యాంపు ఫిషింగ్ బ్రిడ్జి ఒక్కటే. ఎలుగుబంట్ల వల్ల అక్కడ గట్టి గోడల బండ్లనే ఉండనిస్తారు, గుడ్డ గుడారాలకు చోటు లేదు. ముందుగా బుక్ చేయకపోతే దొరకడం కష్టం. గ్లేసియర్ కూడా మనసులో ఉంటే, గోయింగ్ టు ద సన్ రోడ్డు కొండ భాగంలో 21 అడుగులు మించిన బండిని రానివ్వరు, ట్రక్కుకు బెడ్ పొడవు కూడా లెక్కే, ఎనిమిది అడుగుల బెడ్ ఉన్న ఆ ఒక టన్ను ట్రక్కు ఒక్కటే అయినా అక్కడ కుదరదు. రాకీ మౌంటెన్ పార్కులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. ట్రెయిల్ రిడ్జ్ లాంటి చోట్లకు ట్రెయిలరును క్యాంపులో వదిలి ట్రక్కుతో వెళ్లండి. పెద్ద మోటారు హోమ్ కంటే ఫిఫ్త్ వీల్ మేలనిపించేది ఇక్కడే.

#8 · చక్రాల_ఇల్లు · శాన్ ఆంటోనియో

ఫ్రిస్కో అన్నయ్యా, అందరూ ట్రక్కు గురించే రాస్తున్నారు. ఇంట్లో ఉండబోయే మీ అమ్మగారి వైపు నుంచి నేను చెబుతాను.

ఫిఫ్త్ వీల్‌లో ముందు భాగం ట్రక్కు బెడ్ మీదికి వస్తుంది కాబట్టి పెద్ద పడక గది రెండు మూడు మెట్ల పైన ఉంటుంది. చాలా మోడళ్లలో బాత్‌రూమ్ కూడా ఆ పైనే. మోకాళ్ల నొప్పులని పెద్దవాళ్లకు కింద సోఫా పడక ఇస్తాం. అప్పుడు రాత్రి లేచిన ప్రతిసారీ చీకట్లో మెట్లెక్కాలి. పై గది వాళ్లకిచ్చి మీరు సోఫా మీద పడుకోండి. పగలు ఒకసారి ఎక్కి దిగితే చాలు, రాత్రి బాత్‌రూమ్ పక్కనే. మెట్ల దగ్గర పట్టుకోవడానికి గట్టి కడ్డీ వేయించండి. బయటి మెట్లు కూడా చూడండి. కొన్ని గాలిలో వేలాడతాయి, కొన్ని కాళ్లతో నేల మీద ఆనతాయి. ఆమెకు ఆనేవే కావాలి.

స్లైడ్ అవుట్‌లన్నీ మూయించి లోపలికి వెళ్లి చూడండి. దారిలో ఆగినప్పుడు వాటిని తెరవడానికి ప్రతిచోటా స్థలం ఉండదు. మూసి ఉండగా బాత్‌రూమ్ తలుపు తెరుచుకుంటుందా, ఫ్రిజ్ అందుతుందా? కొన్నింటిలో మధ్య దిమ్మె, సోఫా ఒకదానికొకటి ఆనుకుని దారే ఉండదు. మీరు ట్రెయిలరు కొనేదే అమ్మగారి బాత్‌రూమ్ కోసం, నాన్నగారి భోజనం కోసం. ఈ పరీక్షలో తప్పినది ఎంత అందంగా ఉన్నా వద్దు.

కరెంటు సంగతి. 30 ఆంపియర్ల కనెక్షన్ ఇచ్చేది 3,600 వాట్లు. 50 ఆంపియర్లది రెండు లైన్లు కలిపి 12,000 వాట్లు. టెక్సాస్ జూలైలో ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి పెట్టి, మిక్సీలో పచ్చడి వేశారంటే 30 ఆంపియర్ల బ్రేకరు పడిపోతుంది. 50 ఆంపియర్లు, రెండు ఏసీలు ఉన్నదే తీసుకోండి. పోపు పెట్టేటప్పుడు పైకప్పు ఫ్యాను తెరవకపోతే ఆవాలు, ఇంగువ వాసన కర్టెన్లను వారం దాకా వదలదు. నేను వేపుళ్లన్నీ బయట మడత బల్ల మీద పొయ్యి పెట్టి చేస్తాను.

ఇంకో ముఖ్యమైన మాట: ట్రక్కులో ఆరు సీటు బెల్టులు ఉన్నాయా? ముందు రెండు విడి సీట్లు, మధ్యలో పెట్టె ఉంటే ఐదుగురికే చోటు. పిల్లల్ని ట్రెయిలరులో కూర్చోబెడదామని దయచేసి అనుకోకండి.

#9 · ఫ్రిస్కో_నాన్న

చెల్లెమ్మా, పై గది ఆలోచన మాకు అసలు తట్టలేదు. చాలా సంతోషం. గ్యాస్ ట్రక్కులో ముందు బెంచీ సీటు, మొత్తం ఆరు బెల్టులు. డీజిల్‌లో ఐదే. స్లైడ్ల పరీక్ష ఈ శనివారం చేస్తాను.

#10 · ఓరుగల్లు_ఓహియో · కొలంబస్

కొనేముందు ఒకసారి అద్దెకు తీసుకోండి. ఫిఫ్త్ వీల్‌ను తెచ్చి క్యాంపులో నిలబెట్టి వెళ్లే యజమానులు ఉన్నారు, మీకు ట్రక్కు అక్కరలేదు. మీకు దగ్గరలో టెక్సోమా సరస్సు ఒడ్డున రెండు రాత్రులు ఉండి చూడండి. మురుగు ట్యాంకు ఖాళీ చేయడం, మెట్లు, పడకలు ఇంట్లో ఎవరికి పడతాయో పడవో అక్కడే తేలుతుంది.

#11 · తేమ_మీటర్ · ఎల్క్‌హార్ట్, ఇండియానా

నేను ట్రెయిలర్ల తనిఖీ పని చేస్తాను. ఈ ఊరి చుట్టుపక్కలే దేశంలోని ట్రెయిలర్లలో చాలా భాగం తయారవుతాయి. పాతది కొనేటప్పుడు బ్రాండు పేరుకు మీరంతా ఇచ్చే విలువ నేనివ్వను. ఒకే కంపెనీ నుంచి ఒకే నెలలో వచ్చిన రెండింటిలో ఒకటి పదేళ్ల తర్వాత కూడా గట్టిగా ఉంటుంది, ఇంకొకటి ఐదేళ్లకే లోపల కుళ్లిపోతుంది. తేడా అంతా నీళ్లు లోపలికి వెళ్లాయా లేదా అన్నదే. యజమాని ఏటా పైకప్పు ఎక్కి అతుకుల దగ్గర సీలెంట్ చూశాడా లేదా అన్నదే.

అందుకని మొదట నిచ్చెన వేసి పైకి ఎక్కండి. పైకప్పు పొర రబ్బరులాంటి ఈపీడీఎం గానీ టీపీఓ గానీ అయి ఉంటుంది. పొర కంటే గాలి గొట్టాలు, ఏసీలు, స్కైలైటు చుట్టూ, అంచుల వెంట వేసిన సీలెంట్ ముఖ్యం. అది పగిలి, లేచి, కింద ఖాళీ కనిపిస్తే నీళ్లకు దారి దొరికినట్టే. పైకప్పు మీద నడిచేటప్పుడు పాదం కింద మెత్తగా అనిపిస్తే కింది చెక్క తడిసింది.

తర్వాత పక్క గోడలు. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో గోడ వెంట కన్ను పెట్టి చూడండి. ఫైబర్‌గ్లాస్ పొర అలలు అలలుగా ఉబ్బి ఉంటే జిగురు విడిపోయింది. దాన్ని బాగుచేయడం కంటే వదిలేయడం చవక. లోపల అల్మరాల మూలలు, కిటికీల కింది అంచులు, స్లైడ్ అవుట్‌ల నేల అంచులు చేత్తో నొక్కండి. తేమ కొలిచే మీటరు చిన్న మొత్తానికే దొరుకుతుంది. 15 శాతం లోపు ఉంటే నిశ్చింత. 20 దాటితే ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలి. కొత్తగా వేసిన వాల్‌పేపరు, అమ్మడానికి ముందు రోజు పూసిన సీలెంట్, లోపల ఘాటైన సువాసన, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఇంకో గంట ఎక్కువ వెతకండి.

కింద పడుకుని చూడాల్సినవి ఉన్నాయి. కింగ్ పిన్ పెట్టె చట్రానికి కలిసే చోట వెల్డింగు పగుళ్లు, ముందు ముఖం మూలల్లో సన్నని చీలికలు ఉంటే చట్రం వంగుతోందని అర్థం. అడుగున మూసిన ప్లాస్టిక్ రేకు కడుపులా దిగబడితే దాని పైన నీళ్లు నిలిచి ఉంటాయి.

టైర్ల అరుగుదల చూసి మోసపోకండి. పక్కన డాట్ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అంటే 2016 సంవత్సరం 23వ వారం. ట్రెయిలరు టైర్లు అరిగిపోయేది తక్కువ, ఎండకు లోపలే చచ్చిపోయేది ఎక్కువ. ఐదారేళ్లు దాటినవి చూడటానికి కొత్తగా ఉన్నా మార్చేయండి. పరుగులో టైరు పేలితే అది చక్రంతో పాటు పక్క గోడను, కింది పైపులను చీల్చుకుంటూ పోతుంది. చక్రాల బేరింగులకు గ్రీజు ఎప్పుడు మార్చారో అడగండి. ఏడాదికోసారి గానీ 12,000 మైళ్లకోసారి గానీ జరగాల్సిన పని అది.

చివరగా, నీళ్లు, కరెంటు, ప్రొపేన్ కలిపి అన్నీ కనీసం రెండు గంటలు నడిపించమని అడగండి. ఫ్రిజ్ చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది, కాబట్టి మీరు వెళ్లే ముందు రోజు రాత్రే ఆన్ చేసి ఉంచమనండి. "కరెంటు లేదు, కానీ అన్నీ పనిచేస్తాయి" అనే అమ్మకందారుకు నమస్కారం పెట్టి వచ్చేయండి. దగ్గరలో ట్రెయిలరు తనిఖీదారుల సంఘం ఎన్ఆర్‌వీఐఏ ధ్రువపత్రం ఉన్న ఇన్‌స్పెక్టరు ఉంటే ఆయన ఫీజు ఇవ్వడానికి వెనుకాడకండి.

#12 · ఫ్రిస్కో_నాన్న

శనివారం రెండూ చూశాను, ఇన్‌స్పెక్టరును కూడా తీసుకెళ్లాను.

మొదటిదానిలో పిల్లల గది స్లైడ్ మూల మెత్తగా ఉంది, మీటరు అక్కడ 28 చూపించింది. టైర్లు తయారైనప్పటివే, 2016వి. స్లైడ్లు మూస్తే ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. పిల్లలు ఆ గదిని చూసి మురిసిపోయారు, వాళ్లకు సర్దిచెప్పడానికి టైము పట్టింది.

రెండోదానిలో ఎక్కడా 14 దాటలేదు. పైకప్పు మీద రెండు గొట్టాల దగ్గర సీలెంట్ పగిలింది, కింది చెక్క గట్టిగానే ఉంది. టైర్లు 2019వి, మార్చాలి. స్లైడ్లు మూసినా బాత్‌రూమ్‌కు దారి ఉంది, ఫ్రిజ్ తెరుచుకుంటుంది. 50 ఆంపియర్లు, రెండు ఏసీలు. బయటి మెట్లు నేల మీద ఆనేవే. టైర్లు, సీలెంట్ చూపించి 28,500కు ఒప్పించాను. గ్యాస్ ఒక టన్ను ట్రక్కు, ఈ ట్రెయిలరు తీసుకుందామని ఇంట్లో అందరం అనుకున్నాం.

#13 · లోన్‌స్టార్_రాజు

మంచి బేరం. లైసెన్సు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంత బండికి టెక్సాస్‌లో మామూలు డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుందా?

#14 · కాకినాడ_హ్యూస్టన్

సరిపోతుంది. టెక్సాస్‌లో ట్రక్కు, ట్రెయిలరు అనుమతి బరువులు కలిపి 26,001 పౌండ్లు గానీ అంతకు మించి గానీ ఉండి, అందులో ట్రెయిలరుది 10,000 దాటితే క్లాస్ ఏ లైసెన్సు కావాలి. సొంత ప్రయాణాలకు కమర్షియల్ కానిది చాలు. ఫ్రిస్కో గారి ట్రక్కు 11,000, ట్రెయిలరు 11,995, మొత్తం 22,995. అదే మొదటి ట్రెయిలరు కొని ఉంటే 26,500 అయ్యేది, పరీక్ష రాయాల్సి వచ్చేది. రాష్ట్రం మారితే నియమం మారుతుంది. కాలిఫోర్నియాలో సొంత వాడకపు ఫిఫ్త్ వీల్ 10,000 దాటి 15,000 లోపు ఉంటే మామూలు లైసెన్సుకు ప్రత్యేక ఎండార్స్‌మెంట్ అడుగుతారు, ఆ పైన క్లాస్ ఏ.

హిచ్ గురించి కూడా. ఎనిమిది అడుగుల బెడ్ కాబట్టి మీకు వెనక్కి జరిగే హిచ్ అక్కరలేదు. ఆరున్నర అడుగుల బెడ్ అయితే మలుపులో ట్రెయిలరు ముందు మూల ట్రక్కు క్యాబు వెనుక అద్దాన్ని తాకే ప్రమాదం ఉంది, జరిగే హిచ్ కొనాలి. తగిలించాక ట్రెయిలరు నేలకు సమాంతరంగా ఉందా, బెడ్ పక్క గోడలకూ ట్రెయిలరు అడుగుకూ మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ ఉందా చూడండి. బెడ్ లోపల ఏడు పిన్నుల ప్లగ్గు (ట్రెయిలరు లైట్లకు, బ్రేకులకు కరెంటు ఇచ్చేది) లేకపోతే పెట్టించండి. వెనుక బంపరు దగ్గరి దానికి తీగ సాగదీస్తే మలుపులో తెగుతుంది.

#15 · చక్రాల_ఇల్లు

అన్నయ్యా, మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు కూడా ఇప్పుడే చదవండి. చాలా చోట్ల డ్రైవ్‌వేలో ట్రెయిలరు నిలపనివ్వరు. సరుకు దించుకోవడానికి ఒకటి రెండు రోజులు అనుమతిస్తారు. నిల్వ స్థలం దొరికితే పైన రేకు ఉన్నదే తీసుకోండి. టెక్సాస్ ఎండ, వడగళ్లు రెండూ పైకప్పుకు శత్రువులే.

#16 · ఫ్రిస్కో_నాన్న

రెండూ ఇంటికి వచ్చాయి. టైర్లు మార్చాను, సీలెంట్ వేయించాను, రేకు కింద స్థలం తీసుకున్నాను. మొదటి ప్రయాణానికి అన్నీ నింపి, అందరం ఎక్కి హైవే పక్క ట్రక్ స్టాపులో క్యాట్ స్కేలు (లారీలు తూచే కాటా) మీద తూయించాను. ముందు ట్రెయిలరుతో, తర్వాత అక్కడి పార్కింగులో ట్రెయిలరును విప్పి ట్రక్కు ఒక్కటే.

ట్రెయిలరుతో: ట్రక్కు ముందు ఇరుసు 4,430, వెనుక ఇరుసు 6,210, ట్రెయిలరు ఇరుసులు 8,690. మొత్తం 19,330.
ట్రక్కు ఒక్కటే, మేము ఆరుగురం, సామాను, హిచ్‌తో: ముందు 4,400, వెనుక 3,930.

ఇవి ఎలా చదవాలి? నీళ్ల ట్యాంకు మూడో వంతు నిండి ఉంది.

#17 · కాకినాడ_హ్యూస్టన్

చాలా బాగా తూయించారు, సగం మంది రెండోసారి తూయించరు. ట్రెయిలరుతో ట్రక్కు మీద 10,640, లేకుండా 8,330. తేడా 2,310, అదే మీ పిన్ బరువు. ట్రెయిలరు మొత్తం 11,000 కాబట్టి అది 21 శాతం, ఉండవలసిన చోటే ఉంది. ట్రక్కు పరిమితి 11,000, మీరు 360 పౌండ్ల లోపల ఉన్నారు. ముందు ఇరుసు మీద బరువు తగ్గలేదు, అంటే స్టీరింగ్ పట్టు పోలేదు. వెనుక ఇరుసు పరిమితి తలుపు స్టిక్కరు మీద విడిగా ఉంటుంది, దానితో 6,210ని పోల్చండి. టైర్ల మీద రాసిన మోత కూడా చూడండి.

ఆ 360 పౌండ్లు పెద్ద మిగులు కాదు. ట్యాంకు నిండుగా నింపి బయలుదేరకండి. గాలను నీళ్లు 8.3 పౌండ్లు. మీ ట్యాంకు 50 గాలన్లదైతే నిండు నీళ్లే 415 పౌండ్లు. దారికి మూడో వంతు చాలు, క్యాంపుకు చేరాక నింపుకోండి. అమ్మానాన్నలు తిరుగు ప్రయాణానికి కొనే వస్తువుల సూట్‌కేసులు ట్రక్కు బెడ్‌లో కాకుండా ట్రెయిలరు మధ్యలో, ఇరుసుల దగ్గర పెట్టండి.

#18 · కొండదారి

కొలరాడోకు మొదటిసారి వస్తున్నారు కాబట్టి ఐ-70 పట్టుకోకండి. 287 మీదుగా అమరిల్లో, అక్కడి నుంచి రటోన్ కనుమ దాటి ఐ-25 మీద రండి. రటోన్ 7,834 అడుగులే, ట్రక్కు స్వభావం తెలుసుకోవడానికి సరైన కొండ. అమరిల్లో చుట్టూ అడ్డగాలి గట్టిగా వీస్తుంది. ముందు రోజు గాలి హెచ్చరిక చూసుకుని, ఉదయం వీలైనంత త్వరగా ఆ మైదానం దాటేయండి. ట్రెయిలరు టైర్లు కొన్నింటికి గంటకు 65 మైళ్లే గరిష్ఠం, పక్కన రాసి ఉంటుంది. దిగేటప్పుడు టో హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేరు పద్ధతి) వేసి, కొండ మొదట్లోనే గేరు తగ్గించండి. వేగం పెరిగాక తగ్గించాలని చూస్తే బ్రేకులు వేడెక్కుతాయి. కొత్త టైర్లు వేయించారు కదా, మొదటి 50 మైళ్ల తర్వాత ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించండి.